ఎన్నూరు గురించి మీరడిగినవి

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరికి జవాబిస్తూ "ఎన్నూరు దాటితే మద్రాసు అయిపోయినట్టే, ఆ తర్వాత అన్నీ పొగగొట్టాలే" అని ఓ మాట రాసేశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. సగం తిట్లు, సగం ప్రశ్నలు. తిట్లు న్యాయమైనవే, పుచ్చుకున్నాను. ప్రశ్నల కోసం ఈసారి పేజీ మొత్తం, చెన్నై ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున ఉన్న ఎన్నూరుకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి ఎన్నూరులో బస్సులూ లారీలూ చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అసలు ఎన్నూరు ఒక ఊరా, చెన్నైలో ఒక పేటా? అక్కడే ఇల్లు చూసుకోమంటారా? (ఒక తల్లి, అంబత్తూరు)

జవాబు: రెండూ అనుకోవచ్చమ్మా. మొన్న మొన్నటి దాకా అది కత్తివాక్కం మునిసిపాలిటీ, 2011లో తిరువొత్తియూర్, మణలి, మాధవరంతో పాటు దాన్నీ చెన్నై కార్పొరేషన్‌లో కలిపేశారు. కాబట్టి చెత్తబండి చెన్నైది, మనుషులు మాత్రం ఇప్పటికీ సెంట్రల్ వైపు వెళ్తుంటే "మద్రాసు వెళ్లొస్తాం" అనే అంటారు. ఇంకో తిరకాసుంది. ఎన్నూరు పోర్టు అని మనం అనే ఓడరేవు ఈ ఎన్నూరులో లేదు, ఉప్పుటేటికి అవతల, తిరువళ్లూరు జిల్లాలో ఉంది. పోర్టులో ఉద్యోగం అని ఎన్నూరులో ఇల్లు తీసుకుని, తర్వాత రోజూ చుట్టూ తిరిగి వెళ్లిన వాళ్లు నాకు తెలుసు.

మీ అబ్బాయిది లారీల కంపెనీ కాబట్టి ఆ బాధ లేదు, అది ఏటికి ఇవతలే. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, అశోక్ మోటార్స్ పేరుతో మొదలైన సంస్థ అది. మొదట్లో అక్కడ బిగించినవి లారీలు కాదు, ఇంగ్లండు నుంచి విడిభాగాలు తెప్పించి ఆస్టిన్ కార్లు. 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఇక ఇల్లంటారా, నేనైతే తిరువొత్తియూర్‌లోనో, మెట్రో వచ్చి ఆగిన విమ్కో నగర్ పక్కనో చూసుకోమంటాను. మణలి పుదునగర్ వైపు అద్దె తక్కువని ఎవరైనా చెబితే, ముందు వీధిలో పాత కాపురస్తులని పట్టుకుని "పూండి రిజర్వాయరు గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు ఎంతదాకా వచ్చాయండీ" అని అడగండి, గోడ మీద గీత చూపిస్తారు.

ప్రశ్న: ఎన్నూరుకీ మన తెలుగు నేలకీ ఏదో నీళ్ల చుట్టరికం ఉందని మా మేస్టారు అనేవారు. ఏమిటది? (ఒక రిటైర్డ్ టీచర్, నగరి)

జవాబు: చుట్టరికం మీ ఊరి నుంచే మొదలవుతుంది సార్. ఎన్నూరు దగ్గర సముద్రంలో కలిసే నదిని తమిళంలో కొసస్తలైయారు అంటారు, మనం కుశస్థలి అంటాం. మీ నగరి ఏరు వెళ్లి పూండి రిజర్వాయరు దగ్గర అందులో కలుస్తుంది. పూండి 1944లో కట్టింది, అక్కడి నుంచే మద్రాసుకి తాగునీళ్లు. 1996 నుంచి తెలుగు గంగ పేరుతో శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా వచ్చే కృష్ణా నీళ్లు చేరేదీ ఆ పూండికే. వానలు ముదిరి పూండి నిండితే మిగులు నీళ్లు కుశస్థలిలో పడి ఎన్నూరు దగ్గర సముద్రంలోకి పోతాయి. అంటే మంచి వానాకాలంలో ఎన్నూరు మొగ దగ్గర నిలబడితే మీ కాళ్ల కింద పారే నీళ్లలో నగరివి, కృష్ణవి కూడా ఓ నాలుగు చుక్కలు ఉంటాయి.

మొగ అన్నాను కదా, నదో ఏరో సముద్రంలో కలిసే చోటుని మన కోస్తా జాలర్లు అనే మాట. తమిళంలో ముగత్తువారం, ఆ పేరుతోనే అక్కడ ఓ కుప్పం, అంటే జాలరి పల్లె, ఉంది. ఎన్నూరంతా ఈ మొగ చుట్టూనే తిరుగుతుంది. మొగ తెరిచి ఉంటే సముద్రపు పోటు లోపలికి ఎక్కుతుంది, ఉప్పునీరూ మంచినీరూ కలుస్తాయి, మడ చెట్ల వేళ్ల మధ్య రొయ్యపిల్ల పెరుగుతుంది. మొగ పూడితే ఏరు బురదగుంట అవుతుంది, పైనుంచి వరదొస్తే పోయే దారి లేక ఊళ్ల మీద పడుతుంది.

పూడటానికి కారణం మళ్లీ మనుషులే. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. ఆ దారిలో రాతిగోడ కట్టారనుకోండి, గోడకి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన సముద్రం నేలని కోసేస్తుంది. 1870లలో మద్రాసు హార్బరు గోడలు మొదలుపెట్టాక మెరీనా బీచ్ అంత వెడల్పయింది అలాగే, రాయపురం నుంచి ఎన్నూరు దాకా తీరం కోసుకుపోయిందీ అలాగే. మనం ఆదివారం సాయంత్రం బఠాణీలు తింటూ కూర్చునే ఇసుక, ఉత్తరాన ఎవరో పోగొట్టుకున్నదన్నమాట. ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు పొడుగునా పోసిన బండరాళ్లు ఆ కోతని ఆపడానికే. ఇప్పుడు మొగకి ఉత్తరాన కొత్త పోర్టు గోడలూ వచ్చాయి, మొగలో ఇసుక యంత్రాలతో తవ్వి తీయాల్సి వస్తోంది.

ప్రశ్న: మా తాత నెల్లూరు వైపు నుంచి పడవలో మద్రాసు వచ్చాడంటుంది అమ్మ. నిజమా, కోతలా? (ఒక కుర్రాడు, వ్యాసర్పాడి)

జవాబు: కోతలు కాదు బాబూ, మా ఇంట్లోనూ ఇదే కథ. మా తాతయ్య శ్రీహరికోట వైపు నుంచి కట్టెలు వేసుకుని వచ్చేవాడట. మద్రాసు పొయ్యిలకి అక్కడి అడవి కట్టెలే చాలాకాలం ఆధారం. ఆ దారి పేరు బకింగ్‌హాం కాలువ, ఇప్పుడు బేసిన్ బ్రిడ్జి దగ్గర ముక్కు మూసుకుని దాటుతామే, అదే. 1806లో బాసిల్ కాక్రేన్ అనే స్కాట్లండు వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించడంతో మొదలైంది, తర్వాత పులికాట్ దాకా, ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా మన పెదగంజాం దాకా పాకింది. అక్కడ కొమ్మమూరు కాలువ అందుకుంటే కృష్ణా డెల్టాలోకి వెళ్లిపోవచ్చు. 1877-78లో, మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే కాలంలో, కూలి పనిగా మద్రాసు ఊరిలోపలి ముక్క తవ్వించి కూవం, అడయారు నదుల్ని కలిపారు, అప్పటి గవర్నరు పేరే కాలువకి పెట్టారు. పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. 1965, 66 తుపాన్లు దెబ్బ తీశాక ఇక కోలుకోలేదు.

ఎన్నూరు ఆ రోజుల్లో దొరలు గాలి మార్పుకి వెళ్లే చోటు. పడవలో పొద్దున బయల్దేరి, ఏటి పక్క బంగళాలో రెండ్రోజులు చేపలు పట్టుకుని తిరిగొచ్చేవారు. చుట్టూ ఉప్పు మళ్లు. ఉప్పు కూడా ఆ కాలువ మీదే పోయేది.

ప్రశ్న: గాలి మార్పుకి వెళ్లే ఊళ్లోకి ఇన్ని కరెంటు ప్లాంట్లు, ఇన్ని ఫ్యాక్టరీలు ఎలా వచ్చి పడ్డాయి? ఊరివాళ్లకి ఉద్యోగాలొచ్చాయా? (ఒక బి.కాం. విద్యార్థిని, పెరంబూరు)

జవాబు: ఒక్క ముక్కలో చెప్పాలంటే, చూసేవాళ్ల కంటికి అది ఖాళీ స్థలంలా కనిపించింది. ఉప్పు మళ్లలో ఇల్లుండదు, పైరుండదు. ఉప్పుటేటికి పట్టా ఉండదు. ఫైలులో పోరంబోకు. పక్కనే రైలు మార్గం, పక్కనే సముద్రం, చల్లార్చుకోవడానికి కావలసినన్ని నీళ్లు, ఇరవై కిలోమీటర్లలో మద్రాసు. ఫ్యాక్టరీ పెట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? అదే ఏరు కుప్పంవాళ్లకి పొలం. ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో కూర్చుని చేత్తో రొయ్యలు ఏరుకునేవారు, ఇరులర్లు ఇప్పటికీ ఏరుతారు, మన వైపు యానాదులు చేసినట్టే. ఆ పొలానికి పాసుపుస్తకం లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. నా ఉద్దేశంలో ఎన్నూరు గొడవంతా ఇక్కడే ఉంది, మిగతావి దీనికి కొమ్మలు.

వరస చూడు. 1960లలో ఎరువుల ఫ్యాక్టరీ. పక్కన మణలిలో 1969లో రిఫైనరీ, దాని వెనకే ఇంకో ఎరువుల కర్మాగారం. 1970లో ఎన్నూరు థర్మల్, 450 మెగావాట్లు (అది ముసలిదై 2017లో మూతపడింది). 1994 నుంచి ఏటికి అవతల నార్త్ చెన్నై థర్మల్. తర్వాత వల్లూరులో 1500 మెగావాట్లు. ఇన్ని ప్లాంట్లకీ బొగ్గు కావాలి, ఒడిశా నుంచి ఓడల్లో రావాలి, అందుకోసం 2001లో పోర్టు. దేశంలో కంపెనీగా రిజిస్టరయిన మొదటి మేజర్ పోర్టు అదే, 2014 నుంచి కామరాజర్ పోర్టు. దాని ఉత్తరాన కాట్టుపల్లిలో ఇంకో ప్రైవేటు పోర్టు, సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటు. 2019లో గ్యాస్ టెర్మినల్.

ఇందులో ఒక చిత్రమైన ఘట్టం ఉంది. మద్రాసు హార్బరులో బొగ్గు, ఇనుప ఖనిజం దింపుతుంటే రాయపురం వైపు ఇళ్లలో ఆరేసిన బట్టలు నల్లబడేవి. హైకోర్టు దాకా వెళ్లింది, 2011లో అక్కడ ఆ సరుకు ఆపేయమన్నారు. బొగ్గు ఎన్నూరుకి మారింది. రాయపురం ఊపిరి పీల్చుకుంది, మంచిదే. దుమ్ము మాత్రం మాయమవలేదు, ఇరవై నాలుగు కిలోమీటర్లు ఉత్తరానికి జరిగింది. ఇనుప ఖనిజం కోసం ఎన్నూరులో ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ సంగతి మరీ విడ్డూరం, అది సిద్ధమయ్యేసరికి కర్ణాటక ఖనిజం ఎగుమతి ఆపేసింది, అంత కట్టుబడీ ఖాళీగా కూర్చుంది.

ఉద్యోగాలంటావా, లారీల ఫ్యాక్టరీ, తిరువొత్తియూర్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ, మోటారుసైకిళ్లు, టైర్లు, ఇవన్నీ చేతిపని ఎక్కువున్న పరిశ్రమలు. ఉత్తర మద్రాసులో మన తెలుగువాళ్లతో సహా వేల కుటుంబాలు వాటి జీతాల మీద ఇళ్లు కట్టుకున్నాయి, పిల్లల్ని చదివించుకున్నాయి. ఇది కాదనేవాడు కళ్లు మూసుకున్నట్టే. బొగ్గు పోర్టు అలాంటిది కాదు. ఓడలోంచి బెల్టు మీద పడిన బొగ్గు ప్లాంటు దాకా తనంతట తనే పోతుంది, మధ్యలో మనిషి చెయ్యి తగలక్కర్లేదు. కార్లు వస్తాయి, నడుపుకుంటూ ఓడెక్కిస్తారు, అయిపోయింది. టన్నులు పెరుగుతాయి, హాజరుపట్టీ పెరగదు. నీ చదువుకి పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా, ఒక ఊరి పరిశ్రమ గురించి ఎవరైనా పెట్టుబడి కోట్లు చెబితే, కోటికి ఎన్ని ఉద్యోగాలని పక్కనే భాగహారం వేసుకో.

ప్రశ్న: ఎన్నూరు రొయ్యలు, పీతలు తినొచ్చా? మా ఆయన ప్రతి ఆదివారం తెస్తారు, నాకు టెన్షన్. (ఒక గృహిణి, తండయార్‌పేట)

జవాబు: నేను డాక్టర్ని కాదు, తిండిపోతుని. సముద్రంలోకి వెళ్లి పట్టుకొచ్చిన చేప వేరు, ఏట్లో పట్టినది వేరు, ముందు ఆ తేడా అడిగి తెలుసుకోండి. ఏటి సంగతి బాగాలేదు. థర్మల్ ప్లాంటు బూడిదని నీళ్లతో కలిపి గొట్టాల్లో పంపుతారు, ఆ గొట్టాలు చిల్లులు పడి ఏట్లో బూడిద మేటలు వేసింది. లోతు తగ్గింది, ప్లాంట్లు వదిలే వేడినీళ్లు సరేసరి. 2017 జనవరిలో పోర్టు బయట రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికితే విద్యార్థులు, జాలర్లు బక్కెట్లతో తోడిపోశారు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను గుర్తుందిగా, ఆ వరదలో మణలి వైపు నుంచి నూనె బకింగ్‌హాం కాలువ గుండా వచ్చి ఏరంతా పరుచుకుంది, పడవలు, వలలు నల్లబడిపోయాయి. అది కడుక్కోకముందే ఆ నెల 26 రాత్రి సముద్రంలో వేసిన అమోనియా గొట్టం లీకై కుప్పాల జనం నిద్రలోంచి లేచి పరుగెత్తారు, చాలామంది ఆసుపత్రి పాలయ్యారు.

ఇవి చాలవన్నట్టు దక్షిణ అమెరికా నుంచి ఒక ఆల్చిప్ప వచ్చి పడింది, ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లతో వచ్చి ఉంటుందని అనుమానం. కాక్కా ఆళి అంటారు అక్కడి జాలర్లు. ఏటి అడుగున దుప్పటిలా పరుచుకుని, రొయ్యలకి చోటే లేకుండా చేసింది.

మీ ఆయన్ని కాశిమేడు చేపల రేవులో కొనమనండి. నేను అక్కడే కొంటాను, బేరం ఆడలేక మోసపోతుంటాను, అది వేరే కథ.

ప్రశ్న: మాది కృష్ణపట్నం పక్క పల్లె. అక్కడా పోర్టు, థర్మల్ వచ్చాయి. మేమూ ఎన్నూరు అయిపోతామా? (మద్రాసులో పనిచేస్తున్న యువకుడు, గుమ్మిడిపూండి)

జవాబు: పోలిక చూస్తే భయం వేసే మాట నిజమే తమ్ముడూ. అక్కడా ఉప్పుటేరు, అక్కడా అదే బకింగ్‌హాం కాలువ, పోర్టు 2008లో, పక్కనే నేలటూరు థర్మల్, బొగ్గు అదే తీరు. తేడా ఏమిటంటే ఎన్నూరులో మొదటి ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు తీరప్రాంత నియమాలు లేవు, సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ 1991లో వచ్చింది. మీ దగ్గర పెద్దవన్నీ దాని తర్వాతే. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ అని టెంటు వేసినప్పుడు, బిర్యానీ పొట్లం తీసుకుని వచ్చేయకుండా రెండు కాగితాలు అడగండి. ఒకటి సీఆర్‌జెడ్ మ్యాపు, అందులో మీ ఏరు, వలలు వేసే చోట్లు గీసి ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడాలి. రెండోది, బూడిద ఎక్కడ పోస్తారు, గొట్టం ఏ దారిన పోతుంది. ఎన్నూరులో పెద్దవాళ్లని అడిగితే పొగకన్నా బూడిద గొట్టాన్నే ఎక్కువ తిడతారు.

ప్రశ్న: ఒకసారి చూసి రావాలనుంది. ఎలా వెళ్లాలి? (మైలాపూరు)

జవాబు: సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి కుడివైపు కిటికీ పట్టుకోండి. ఎన్నూరు స్టేషను దాటాక బండి వంతెన మీద ఏరు దాటుతుంది. పొద్దున ఏడు లోపు వెళితే చిన్న పడవలు కనిపిస్తాయి, వెనకాల పొగగొట్టాలు. అత్తిపట్టు పుదునగర్‌లో దిగి ఎదురు బండి ఎక్కి వచ్చేయండి. టీ మాత్రం ఎన్నూరు స్టేషను బయటే తాగండి, అత్తిపట్టులో నాకు ఎప్పుడూ మంచి టీ దొరకలేదు.