రిపేరైన విమాన ఇంజిన్‌ను ఎలా పరీక్షిస్తారు? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: సార్, మా బాబు మెకానికల్ డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో విమాన ఇంజిన్లు రిపేరు చేసే షాపులో ట్రెయినీగా చేరాడు. ఇప్పుడు టెస్ట్ సెల్‌లో వేస్తామంటున్నారట. అక్కడ ఇంజిన్‌ను ఫుల్ పవర్‌లో నడుపుతారని విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. అసలు అక్కడ పనేంటి? ప్రమాదం కాదా?
– ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. టెస్ట్ సెల్ అంటే ఇంజిన్‌ను నడిపి పరీక్షించే గది. ఇంజిన్ పవర్‌లో ఉన్నప్పుడు ఆ గదిలో మనిషి ఉండడు. మందపాటి కాంక్రీటు గోడల మధ్య ఇంజిన్‌ను స్టాండుకు బిగిస్తారు. మీ బాబు పక్కనున్న కంట్రోల్ రూములో మీటర్ల ముందు కూర్చుంటాడు. మన కాజీపేట షెడ్డులో డీజిల్ ఇంజిన్‌ను బాగుచేశాక, బండికి తగిలించే ముందు లోడ్ బాక్సు పెట్టి చూస్తారు కదా, ఇదీ అలాంటిదే.

రిటైరై హనుమకొండ వచ్చేదాకా నేను చేసింది ఈ పనే. స్టార్ట్ బటన్ నొక్కేముందే సగం పని ఉంటుంది. ఇంజిన్ ముందు గంట ఆకారంలో పెద్ద మూతి బిగిస్తారు, దాన్ని బెల్‌మౌత్ అంటారు. టార్చి పట్టుకుని దాని లోపల, గది నేల మీద, పైపుల వెనక వెతకాలి. పట్టుకెళ్లిన ప్రతి పనిముట్టూ లెక్క తేలాలి. నట్లు కదలకుండా మెలిపెట్టే లాక్‌వైర్ ఉంటుంది. కత్తిరించినప్పుడు ఎగిరిపడిన దాని చిన్న ముక్క లోపలికి పోయినా, గాలిని నొక్కి లోపలికి పంపే కంప్రెసర్ బ్లేడు అంచు చిట్లవచ్చు. లక్షలు పోసి చేసిన రిపేరు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే నా దగ్గరికొచ్చిన పిల్లలకు మొదట మీటర్లు చూపించేవాణ్ని కాదు, టార్చి ఇచ్చేవాణ్ని.

తర్వాత ఇంధనం ఇవ్వకుండా స్టార్టర్‌తోనే తిప్పి చూస్తారు. ఆయిల్ ప్రెషర్ వచ్చిందా, ఎక్కడైనా కారుతోందా తెలుస్తుంది. ఆపైన అసలు స్టార్ట్. ఇంధనం అంటుకున్నాక వెనక నుంచి వచ్చే వేడి గాలి ఉష్ణోగ్రత గబగబా పెరిగి, ఒకచోట ఆగి, కాస్త తగ్గాలి. అదే సమయంలో వేగం ఐడిల్ దాకా, అంటే పవర్ పెంచకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగే స్థాయి దాకా, ఎక్కుతూ రావాలి. వేడి ఎగబాకుతూ వేగం మాత్రం అక్కడే వేలాడుతోందంటే వెంటనే ఇంధనం ఆపేయాలి. స్టార్టర్‌ను మాత్రం వదలకుండా తిప్పి, లోపలి వేడినీ కాలని ఇంధనాన్నీ బయటికి తోసేయాలి. "ఇంకొక్క సెకను చూద్దాం" అనుకుంటే ఆ వేడి గాలికి తిరిగే టర్బైన్ బ్లేడ్లు పాడవుతాయి.

ఇలాంటి చెడు స్టార్ట్‌ను నేర్పడం కోసం నిజం ఇంజిన్ మీద తెప్పించలేం. అందుకే సిమ్యులేటర్ తప్పనిసరి అంటాను. చెప్పకుండా లోపం పెట్టాలి, కుర్రాడు రీడింగులు గట్టిగా చదువుతూ తనే ఆపాలి. సీనియర్ వెనక కూర్చోబెట్టి గంటలు లెక్క రాస్తే ట్రెయినింగ్ అయిపోదు. "ఆపండి" అనే హక్కు అందరికంటే చిన్నవాడికీ ఉందా అని మీ బాబును అడగమనండి. లేదంటే మొదటి రోజే అడిగి ఖాయం చేసుకోవాలి.

ఫుల్ పవర్, వైబ్రేషన్, ఒక్కసారిగా వేగం పెంచి తగ్గించడం, ఇవన్నీ అయ్యాక కొన్ని నిమిషాలు ఐడిల్‌లో చల్లారనిచ్చి ఆపుతారు. తర్వాత ఆయిల్ దారిలోని అయస్కాంతానికి లోహపు పొడి అంటిందేమో చూస్తారు.

ప్రమాదం ఉన్నది చెవులకు. ఐడిల్‌లో లీకులు చూడటానికి లోపలికి పంపితే ఇయర్ ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు రెండూ పెట్టుకోవాలి. గీత దాటి బెల్‌మౌత్ ముందుకు పోకూడదు. నైట్ షిఫ్టుకు ముందు నిద్రపోనివ్వండి, చుట్టాలొచ్చారని లేపకండి.

ప్రశ్న: సార్, మే నెలలో 43 డిగ్రీల ఎండలో టెస్ట్ చేసిన ఇంజిన్‌ను జనవరిలో చేసినదానితో ఎలా పోలుస్తారు?
– డిప్లొమా విద్యార్థి, హనుమకొండ

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. వేడి గాలి పలచన. అదే థ్రస్ట్ (విమానాన్ని ముందుకు తోసే బలం) కోసం ఇంజిన్ ఎక్కువ కష్టపడుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. అందుకని అన్ని రీడింగులనూ ఒకే ప్రామాణిక రోజుకు మారుస్తారు: 15 డిగ్రీలు, 1013.25 హెక్టోపాస్కల్ పీడనం.

43 డిగ్రీలంటే కెల్విన్‌లో 316, 15 అంటే 288. భాగిస్తే సుమారు 1.097, దాని వర్గమూలం 1.047. ఫ్యాన్ 4,000 ఆర్‌పీఎం తిరుగుతుంటే, 1.047తో భాగించగా ప్రామాణిక రోజున అది సుమారు 3,820. థ్రస్ట్‌ను పీడనాల నిష్పత్తితో సరిచేస్తారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి ఆ తేడా చిన్నదేం కాదు. గది తీరును బట్టి కూడా థ్రస్ట్ మారుతుంది, అందుకే విలువలు ముందే తెలిసిన ఇంజిన్‌ను నడిపి ప్రతి సెల్‌కూ ఒక సవరణ కట్టుకుంటారు.

ఇదంతా ఇప్పుడు కంప్యూటరే చేస్తుంది. అయినా చేత్తో చేసినవాడికే, సెన్సర్ తప్పు చెప్పినప్పుడు అనుమానం వస్తుంది. మీ ల్యాబ్‌లో బారోమీటర్ ఉంటే పొద్దున, మధ్యాహ్నం రీడింగులు తీసుకుని ఈ లెక్క వేసి పంపు, సరిచూసి రాస్తాను.