క్రోషా ప్యాటర్న్ అర్థం కాకపోతే అంచు దగ్గర నుంచి లెక్కపెట్టండి

ప్రశ్న: "ప్యాటర్న్‌లో 'తర్వాతి 3 కుట్లలో 2 డీసీ' అని ఉంది. మొత్తం రెండా, ఆరా? ఇలాంటివి అర్థం కానప్పుడు మీరేం చేస్తారు?"

ఆరు. కుట్టుకి రెండు చొప్పున మూడు కుట్లలో ఆరు. (క్రోషా అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లడం, ప్యాటర్న్ అంటే ఎలా అల్లాలో రాసిన కాగితం, డీసీ అంటే డబుల్ క్రోషా అనే కుట్టు.) రాసినవాళ్లు "ఒక్కో కుట్టులో" అనే మాట మింగేశారు. ఆ ఒక్క మాట రాయడానికి వాళ్లకి బద్ధకం, దానికోసం సాయంత్రమంతా అల్లుకుంటూ విప్పుకుంటూ కూర్చోవాల్సింది మనం. డబ్బు తీసుకుని అమ్మే ప్యాటర్న్‌లో ఇలా ఉంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

మేం ఉండేది చెన్నైలో, పెరంబూరు. పై అంతస్తులో ఉండే తమిళావిడకి మనవరాలు పుడితే టోపీ అల్లి ఇస్తానని మాటిచ్చి, ఆన్‌లైన్‌లో ఒక ప్యాటర్న్ కొన్నాను. మొదటి చుట్టులోనే పేచీ. "3 చైన్లు వేసి, రింగులో 12 డీసీ వేసి, కలపండి" అని ఉంది. చుట్టు మొదట్లో ఎత్తు కోసం వేసే ఆ మూడు చైన్లు, అంటే గొలుసు కుట్లు, ఒక డీసీ కింద లెక్కా, కాదా? లెక్కయితే చుట్టుకి 13 కుట్లు, కాకపోతే 12. చాలా ప్యాటర్న్‌లలో లెక్కలోకి వస్తాయి, కొన్నిట్లో రావు. మంచి ప్యాటర్న్ అయితే ఆ సంగతి మొదట్లోనే చెబుతుంది, చుట్టు చివర మొత్తం ఎన్ని కుట్లో కూడా వేస్తుంది. ఇందులో రెండూ లేవు.

పోనీ తర్వాతి చుట్లు చూసి తేల్చుకుందామా అంటే, అదీ కుదరలేదు. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి: 12 అయితే 24, 13 అయితే 26. మూడో చుట్టులో ఒకదానిలో ఒకటి, పక్కదానిలో రెండు: 36 లేదా 39. నాలుగో చుట్టుకి 48 లేదా 52. ఏ దారిన పోయినా ఎక్కడా ఒక్క కుట్టు మిగలదు, తగ్గదు. అమ్మినావిడకి మెసేజ్ పెడితే "రాసినట్టే అల్లండి" అని జవాబు వచ్చింది.

అప్పుడు మా అత్తయ్య ఊరినుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడ పుట్టిల్లు పాలకొల్లు దగ్గర. పెళ్లికి ముందు క్రోషాతోనే చేసే నరసాపురం లేసు అల్లి ఏజెంట్లకి ఇచ్చేవారు. ఇంగ్లీషు చదవరు. నేను దారం లాగి విప్పుతుంటే చూసి, "కాగితం సంగతి తర్వాత, టోపీ ఫొటో ఏదమ్మాయ్?" అన్నారు. ఫోన్‌లో చూపిస్తే "కింది అంచు పెద్దది చెయ్యి" అన్నారు. టోపీని నేలమీద పరిచి తీసిన ఫొటో అది. అంచు చుట్టూ గవ్వల్లాంటి షెల్స్ ఉన్నాయి. కళ్లజోడు పైకి నెట్టుకుని, చూపుడువేలి గోరు తెరమీద ఒక్కో షెల్‌కీ ఆనించి లెక్కపెట్టారు. ఈ చివర మడత నుంచి ఆ చివర మడత దాకా నిండుగా నాలుగు. "వెనక నాలుగుంటాయి. ఒక్కోదానికి కింద ఎన్ని కుట్లు పడుతున్నాయో చదువు" అన్నారు.

చదివాను. రెండు కుట్లు వదిలి, మూడోదానిలో 5 డీసీ, మళ్లీ రెండు వదిలి, ఆ పక్కదానిలో ఒక సింగిల్ క్రోషా, అంటే డీసీకన్నా పొట్టి కుట్టు. అంటే షెల్‌కి 6 కుట్లు. ఎనిమిదారులు 48. నాలుగో చుట్టు నుంచి అంచు దాకా కుట్లు పెరగవు కాబట్టి నాలుగో చుట్టులో ఉండాల్సింది 48. అక్కడినుంచి వెనక్కి వస్తే 36, 24, 12. చైన్లు లెక్కలోకి రావు, అంతే. 52తో పోయి ఉంటే అంచు దగ్గర నాలుగు కుట్లు మిగిలి, ఒక చోట షెల్స్ ఇరుక్కుపోయేవి. "పైనుంచి చూస్తే ఏం తెలుస్తుందమ్మాయ్, కుదరాల్సింది అంచు దగ్గర కదా" అన్నారు ఆవిడ. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అందుకే అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. అనుమానం వచ్చిన వరస దగ్గర కూర్చుని బుర్ర బద్దలుకొట్టుకోవద్దు. ఎక్కడ డిజైన్ తిరిగి తిరిగి వస్తుందో అక్కడికి వెళ్లండి. అంచు కావచ్చు, పువ్వు రేకులు కావచ్చు. ఒక్కోదానికి ఎన్ని కుట్లు కావాలో చూసి, ఫొటోలో అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వెనక్కి రండి. ఈమధ్య అసలు అల్లని వస్తువులకి కంప్యూటర్‌తో బొమ్మ చేయించి ప్యాటర్న్ పేరుతో అమ్ముతున్నారు. దగ్గరగా చూస్తే కుట్టు మీద కుట్టు ఆనదు. అలాంటి ఫొటో మీకు పనికిరాదు, ఆ ప్యాటర్న్ కూడా.

ఇంకో చిక్కు, అమెరికా పద్ధతా బ్రిటిష్ పద్ధతా అన్నది. ప్యాటర్న్‌లో ఎక్కడైనా సింగిల్ క్రోషా అని ఉంటే అది అమెరికా వాళ్లది. బ్రిటిష్ వాళ్లకి సింగిల్ లేదు, అదే కుట్టుని డబుల్ అంటారు. అమెరికా డబుల్ వాళ్లకి ట్రెబుల్. వదిలేయడానికి "స్కిప్" బదులు "మిస్" అని రాసినా, కొలత చెప్పేచోట "గేజ్" బదులు "టెన్షన్" అని ఉన్నా బ్రిటిషే అనుకోండి. ఇది చూసుకోకుండా మొదలుపెడితే టోపీ మరీ పొట్టిగానో, మరీ పొడుగ్గానో వస్తుంది.

గుర్తులతో వేసిన చార్ట్ ఉంటే మాటలతో పనే లేదు. కోడిగుడ్డు ఆకారం చైన్, ఇంటూ గుర్తో కూడిక గుర్తో ఉంటే సింగిల్, మెడమీద ఒక గీత ఉన్న ఇంగ్లీషు టీ అక్షరం డబుల్. ఏ కుట్టు ఏ కుట్టులోంచి లేస్తుందో కళ్లకి కనిపిస్తుంది. జపాన్ పుస్తకాల్లో ఇలాగే ఉంటుంది, ఆ భాష ఒక్క అక్షరం రాకపోయినా అల్లేయొచ్చు. వీడియోలు చూడమని అందరూ చెబుతారు, నేను చెప్పను. సరిగ్గా సూది గుచ్చే చోటే బొటనవేలు అడ్డం పెడతారు, ఆ తర్వాత మ్యూజిక్ పెట్టి స్పీడ్ పెంచేస్తారు.

2016 జనవరిలో మన చెన్నైలోనే మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే బృందం 11,148 చదరపు మీటర్ల క్రోషా దుప్పటితో గిన్నిస్ రికార్డు కొట్టింది. ఎవరింట్లో వాళ్లు అల్లిన ముక్కలు పక్కపక్కన పెడితే అతకాలి కదా. చెప్పేది స్పష్టంగా ఉంటే ఎంతమంది చేతులైనా ఒకే కొలతకి వస్తాయి. అది ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని చేసి చూపించారు. ఒక చిన్న టోపీకి కుట్ల లెక్క రాయలేమంటే నేను ఒప్పుకోను.

నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ప్రాంతానిదేననే ప్రభుత్వ ముద్ర, వచ్చింది, సంతోషం. కానీ మా అత్తయ్యలాంటి వాళ్లు నమూనా ముక్క చేతిలో పట్టుకుని, కుట్లు లెక్కపెట్టి, అచ్చం అలాంటిదే అల్లేవారు. ఎవరూ వాళ్లకి ప్యాటర్న్ రాసివ్వలేదు. వాళ్లకి ముక్కకింతని ఇచ్చిన కూలీ ఏ మూలకీ వచ్చేది కాదు. ఈ రోజు కుట్ల లెక్క కూడా లేని రెండు పేజీల పీడీఎఫ్‌కి మనం అడిగినంత కడుతున్నాం. ఆ డిజైన్లు అల్లినవాళ్ల పేర్లతో, చార్టులతో తెలుగులో పుస్తకంగా వస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.

మీ ప్యాటర్న్ సంగతికొస్తే, ఆ ఆరు కుట్లు వేశాక చుట్టు మొత్తం లెక్కపెట్టి, అంచులో ఒక్కో డిజైన్‌కి కావలసిన కుట్ల సంఖ్యతో భాగించండి. శేషం రాకపోతే ధైర్యంగా ముందుకి వెళ్లండి. వస్తే ఆ చుట్టు, దాని ముందు చుట్టు రెండూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.