పాట పంపిన మనవరాలికి

చిట్టితల్లీ,

గ్లాస్గో నుంచి నువ్వు పంపిన పడవవాడి పాట రికార్డింగు మూడుసార్లు విన్నాను. గొంతుకు వంక పెట్టను. కానీ రెండో చరణంలో ‘బాతా’లో దీర్ఘం మింగేశావు. మన స్కాట్లాండ్ గేలిక్ భాషలో ఆ మాటకు దీర్ఘం ఉంటే పడవ, లేకపోతే కర్ర. పడవవాడి కోసం కొండెక్కి ఎదురుచూడాల్సిన పిల్ల, నీ పాటలో కర్రవాడి కోసం ఏడుస్తోంది! మోడ్ అనే మన గేలిక్ పాటల పోటీలో సంగీతానికీ భాషకూ మార్కులు విడివిడిగా వేసేది ఇందుకే. బంగారు పతకం మీద నీకు ఆశ ఉందని తెలుసు. అందుకని ముందు రాగం వదిలెయ్. పాటను ఎవరికో కబురు చెబుతున్నట్టు పైకి చదువు. పదిసార్లు చదివితే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మాటలే చెబుతాయి.

ఇంకో సంగతి. ఒకే సీడీ విని పాట నేర్చుకోకు. ఎడిన్‌బరో యూనివర్సిటీలో 1951లో స్కాటిష్ స్టడీస్ విభాగం పెట్టాక, వాళ్ల మనుషులు టేప్ మెషీన్లు మోసుకుని దీవులన్నీ తిరిగారు. వాళ్లు రికార్డు చేసిన పాటలు చాలావరకు ‘టోబర్ అన్ డూల్‌ఖిష్’ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఒక పాటను కనీసం ముగ్గురి నోట విను. ఎవరి దగ్గర నేర్చుకున్నావో రాసి పెట్టుకో.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. రేడియోలో చేరిన కొత్తలో ఒక పాట పాడి, ‘పాత పాట’ అని ఊరుకున్నాను. బయటికి వచ్చేసరికి ఫోన్. మా ఊరి ముసలమ్మ. ‘నీకు నేర్పింది మా అక్క. అది గాలికి పుట్టిందా?’ అని పెట్టేసింది. మరుసటి వారం మైకు ముందు ఆ అక్క పేరు, ఊరు, తండ్రి పేరు చెప్పాకే పాడాను. మన శ్రోతలు తక్కువే, కానీ సగం మంది పాటకు చుట్టాలు!

లూయీ పాటలు, అంటే ఉన్నిబట్ట బాదే పాటలు, పాడేటప్పుడు మాత్రం గిటార్‌వాళ్ల మాట విని నెమ్మది చేయకు. మా అమ్మావాళ్లు బల్ల చుట్టూ కూర్చుని తడి ఉన్నిబట్టను బాదుతూ పాడేవాళ్లు. (బట్టను నానబెట్టేది నిల్వ ఉంచిన మూత్రంలో. వాసన గురించి పాటల్లో ఎవరూ రాయలేదులే!) ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి అందుకునేవాళ్లు. చెయ్యి పడే చోటే తాళం. నువ్వూ బల్ల మీద తువ్వాలు బాదుతూ సాధన చెయ్.

ఇక డబ్బు. పాట ఒక్కటే తిండి పెట్టదు. మన బారా దీవి ఫ్లోరా మెక్‌నీల్ అంతటి గాయని కూడా ఎడిన్‌బరోలో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసింది. నీకు గేలిక్ రేడియో ‘రేడియో నన్ గేల్’ ఉంది, 2008 నుంచి గేలిక్ టీవీ చానల్ బీబీసీ ఆల్బా ఉంది. పిల్లల కార్యక్రమమైనా, డబ్బింగైనా, వార్తలైనా వచ్చింది చెయ్. మేరీ ఆన్ కెనడీని చూడు: పాడుతుంది, హార్ప్ వాయిస్తుంది, రేడియోలో మాట్లాడుతుంది. మైకు దగ్గర అమ్మమ్మ యాసను దాచుకోకు. ‘శుద్ధంగా’ మాట్లాడాలన్న టెన్షన్‌లో రెండేళ్లు నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

ఆ దీర్ఘం సరిచేసి మళ్లీ పంపు. స్టూడియో వద్దు, వంటింట్లో ఫోన్‌లో పాడినా చాలు.

నీ పెద్దమ్మమ్మ