లైను విరిగే చోటు

తమ్ముడికి వందనాలు.

మారతహళ్లిలో తెలుగు చర్చి సంఘం దొరికిందని, పాటల స్లైడ్ల పని నీకే అప్పగించారని రాశావు. సంతోషం. పాటలు రాయడం నేర్చుకునేవాడికి అంతకన్నా పనికొచ్చే పని దొరకదు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. లాప్‌టాప్‌లో బాగానే ఉన్న నీ పాట హాల్లో తెరమీద చెదిరిపోయింది. "చీకటి దారిలో చేయి పట్టి నడిపించిన" అని ఒక లైను, కింద "దేవా" ఒంటరిగా. పాడేవాళ్లు అక్కడ తడబడే ఉంటారు.

దానికి ఊరికే ప్రొజెక్టర్ రిజల్యూషన్‌ని తిట్టకు. తెర చిన్నదైనా పెద్దదైనా పవర్‌పాయింట్ స్లైడు మొత్తంగా తగ్గుతుంది, పెరుగుతుంది, అంతే. లైన్లను విరిచేది ఫాంటు. నువ్వు వాడిన ఫాంటు అక్కడ లేకపోతే ఆ కంప్యూటర్ తన దగ్గరున్నది వేసేస్తుంది. అక్షరాల వెడల్పు మారి చివరి మాట కిందికి జారుతుంది. నిర్మలా యూఐ అనే ఫాంటు విండోస్ 8 నుంచీ విండోస్‌తోనే వస్తోంది, దానితో గొడవ తక్కువ. వేరే ఫాంటే కావాలంటే ఆప్షన్స్‌లో సేవ్ దగ్గర ఫాంటు ఫైల్‌తోపాటే వెళ్లేలా టిక్ పెట్టు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పాటలు ఎవరైనా ఇస్తే ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా చదవగలిగే తెలుగులోకి మార్చుకో.

రెండోది తెర ఆకారం. నీ లాప్‌టాప్ 1920×1080, అంటే వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. హాల్లో ప్రొజెక్టర్ 1024×768, అంటే 4:3. నీ స్లైడు దానిమీద 576 పిక్సెళ్ల ఎత్తే వస్తుంది, పైనా కిందా కలిపి పావు వంతు తెర నలుపే. వెనక వరసలో కూర్చునే అమ్మమ్మల సంగతేంటి? టైపు మొదలుపెట్టకముందే స్లైడ్ సైజు ప్రొజెక్టర్‌కి తగ్గట్టు పెట్టుకో.

అన్నిటికన్నా ముఖ్యం, లైను నువ్వే విరువు. "చీకటి దారిలో" ఒకటి, "చేయి పట్టి నడిపించిన దేవా" ఇంకొకటి. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటే ఎంటర్ కొట్టు. తెర అంచుదాకా పోకుండా కాస్త ఖాళీ వదిలితే ఫాంటు మారినా లైను నిలబడుతుంది. ఓపెన్‌ఎల్‌పీ లాంటి పాటల సాఫ్ట్‌వేర్ తెరని బట్టి తనే విరుస్తుంది, అక్కడ పొట్టి లైన్ల అవసరం ఇంకా ఎక్కువ. బెంగళూరులో పుట్టిన పిల్లలకోసం కింద ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వెయ్యాలంటే స్లైడుకి రెండు తెలుగు లైన్లు చాలు. నాలుగు ఇరికిద్దామని లైన్ల మధ్య దూరం తగ్గించావో, పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి.

ఎక్కడా విరవడానికి వీల్లేని పాదం పాడటానికీ కష్టమే. అలాంటిది కనిపిస్తే పాదాన్నే సరిదిద్దు, నీ పాట అయితేనే సుమా. పాత కీర్తనల జోలికి పోకు, పెద్దవాళ్లు ఊరుకోరు.

ఈసారి స్లైడ్లు వద్దు, ఉత్త పాట వాట్సాప్‌లో పంపు. రెండో చరణం మీద నాకో అనుమానం ఉంది. ముందు అది తేల్చుకుందాం.

ఇట్లు,
అన్నయ్య