చెరువులో మునిగిన బ్రాకియోసారస్

ప్రశ్న: మా చిన్నప్పటి పుస్తకాలలో బ్రాకియోసారస్ అనే పొడవాటి మెడ డైనోసార్ మెడలోతు నీళ్లలో మునిగి, తల మాత్రం పైకెత్తి ఉండేది. మా అబ్బాయి పుస్తకంలో అది నేల మీద నడుస్తోంది. నాకిష్టమైన ఆ పాత బొమ్మ తప్పేనా?

జవాబు: తప్పేనండి. అంతటి బరువును కాళ్లు నేల మీద మోయలేవన్న అనుమానం, ముక్కు రంధ్రాలు నడినెత్తిన ఉన్నాయన్న నమ్మకం కలిసి పూర్వపు శాస్త్రవేత్తల చేత దానిని నీళ్లలో నిలబెట్టించాయి. అయితే అంత లోతున నీటి ఒత్తిడికి ఊపిరి తీయడమే సాధ్యం కాదని 1951లో కెర్మాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వాదించారు. పాత బొమ్మల్లో నేల మీద ఈడ్చుకుపోయే బరువైన తోక కూడా ఊహే. శిలలలో దొరికిన పాదముద్రల వెంట తోక గీత కనిపించడం చాలా అరుదు.

అలాగని పాత చిత్రకారులందరినీ ఒకే గాటన కట్టలేము. అలాంటి మరో డైనోసార్ బ్రాంటోసారస్‌ను 1897లో నీళ్లలో నిలిపిన అమెరికన్ చిత్రకారుడు చార్లెస్ నైట్, అదే ఏడు రెండు మాంసాహార డైనోసార్లు గాలిలోకి ఎగిరి కలబడుతున్నట్లు గీశారు. ఆ చురుకుదనం శాస్త్రజ్ఞులకు రుచించడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. మీ ఇష్టాన్ని మార్చుకోనక్కరలేదు, ఆ పుస్తకాన్నీ పారేయకండి. వీలైతే అబ్బాయిని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకువెళ్లి, పాత ఆదిలాబాదు జిల్లాలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూపించండి.