కీళ్లు లెక్కపెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

తొలిదశ రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) మందు ట్రయల్‌లో కీళ్లు చూసే పని నీకు అప్పగించారట, చాలా సంతోషం. మందు పనిచేసిందో లేదో చాలావరకు నీ బొటనవేలే తేల్చాలి తల్లీ, అందుకే దానితోనే మొదలుపెడతాను.

కీలు నొక్కేటప్పుడు నీ గోటి కింద ఎరుపు పోయి తెల్లబడాలి. ఆ బలం చాలు. వాపును కంటితో కాదు, వేళ్లతో తడిమి తేల్చు: మెత్తగా ఉబ్బితే వాపు, గట్టిగా ఎముక తగిలితే కాదు. లెక్కలోకి వచ్చేవి 28: భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు రెండేసి, మిగతా 20 చేతివేళ్ల కణుపులు. బొటనవేలు తప్ప మిగతా వేళ్ల కొసన ఉండే కణుపులు ఇందులో లేవు. ఒక పేషెంటును మొదటినుంచి చివరిదాకా ఒక్కరే చూడాలి. ఆ ఒక్కరికీ ఏ మందు పడిందో, ల్యాబ్‌లో ఏమొచ్చిందో తెలియకూడదు.

ఈ 28 కీళ్ల లెక్క, రక్తపరీక్ష, పేషెంటు మార్కు కలిపి జబ్బు తీవ్రత చెప్పే స్కోరు డాస్28. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకు. నొప్పి కీళ్లు 4, వాపు కీళ్లు 4, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 20, పేషెంటు తన పరిస్థితికి నూటికి వేసుకున్న మార్కు (ఎక్కువైతే బాధ ఎక్కువని) 30 అయితే స్కోరు 4.2 వస్తుంది. కీళ్లు అలాగే ఉండి ఈఎస్ఆర్ 5కు పడితే 3.2. టోసిలిజుమాబ్ లాంటి మందు ఈఎస్ఆర్‌ను, అలాంటిదే ఇంకో రక్తపరీక్ష సీఆర్‌పీని నేరుగా తగ్గిస్తుంది కాబట్టి కీళ్లు అంతగా కుదుటపడకపోయినా స్కోరు దిగిపోతుంది. ఇంకా ఘోరం, నొప్పి లేకుండా 6 కీళ్లు వాచి, ఈఎస్ఆర్ 4, మార్కు 10 ఉన్నా 1.8 వస్తుంది. 2.6 లోపు గనుక దాన్ని ‘ఉపశమనం’ అని రాసేస్తారు! అందుకే బూలియన్ లెక్క, అంటే షరతులన్నీ ఒకేసారి తీరితేనే ఉపశమనం అనేది, కూడా వెయ్యి: నొప్పి కీళ్లు, వాపు కీళ్లు ఒక్కొక్కటీ 1 మించకూడదు, సీఆర్‌పీ డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, పదికి వేసే పేషెంటు మార్కు 2011 నిబంధనలో 1, 2022 సవరణలో 2 దాటకూడదు. ఏది వాడతారో ప్రోటోకాల్‌లో ముందే రాయించు.

యూనిట్లు జాగ్రత్త. డాస్28ని ఈఎస్ఆర్‌కు బదులు సీఆర్‌పీతో వేస్తే అది లీటరు లెక్కన, ఎస్‌డీఏఐ అనే ఇంకో తీవ్రత స్కోరుకి డెసిలీటరు లెక్కన. పొరపడితే పది రెట్ల తేడా.

మేజోళ్లు విప్పించడం మానకు. ఈ జబ్బు పాదాల్లోనే మొదలయ్యేవాళ్లున్నారు, 28లో పాదాలు లేవు. జబ్బు 20 శాతమైనా మెరుగైందా అని తేల్చే ఏసీఆర్20 కొలతకి 68 కీళ్లు నొప్పికి, 66 వాపుకి చూస్తారు. తుంటి కీళ్ల వాపు చేతికి అందదు గనుక ఆ రెండూ తగ్గుతాయి. ఎక్స్‌రేలు కూడా చేతులకే కాదు, పాదాలకూ తీయించు.

రోజువారీ పనుల ప్రశ్నాపత్రం, అదే హాక్, పరీక్షించి ఆమోదించిన తెలుగు ప్రతిలోనే ఇవ్వు. నోటితో అప్పటికప్పుడు అనువదిస్తే విజిట్‌కో మాట మారుతుంది. పక్కనున్న భర్తో కొడుకో జవాబులు చెప్పనివ్వకు.

మధ్యలో కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే, ఆ కీలును ఎలా లెక్కించాలో మొదటి పేషెంటు చేరకముందే తేల్చుకోండి.

మీ పెద్దమ్మ