వరద వేళ 108 సిబ్బంది సన్నద్ధత

ప్రశ్న: 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి ఊరు మునిగినప్పటి నుంచి ఒక సందేహం వేధిస్తోంది. ఒకేసారి పదులమంది గాయపడితే 108 సిబ్బంది తట్టుకోగలరా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఒక్కొక్క రోగిని ఆసుపత్రికి చేర్చడంలో వారి నేర్పు గొప్పదే, విపత్తులో మాత్రం పనితీరే మారిపోతుంది. అప్పుడు ముందుగా చూడవలసింది గట్టిగా అరిచేవారిని కాదు, ఊపిరి అందక మౌనంగా పడి ఉన్నవారిని. శ్వాస నిమిషానికి 30 సార్లు దాటిందా, మణికట్టు దగ్గర నాడి అందుతోందా, చెప్పిన మాట వింటున్నారా అని క్షణాల్లో పరీక్షించి, తీవ్రతను బట్టి ఎరుపు (వెంటనే చికిత్స కావలసినవారు), పసుపు (కాసేపు ఆగగలవారు), ఆకుపచ్చ (స్వల్ప గాయాలవారు), నలుపు (చనిపోయినవారు లేదా బతికే ఆశ లేనివారు) పట్టీలు కట్టాలి. చదివినంత మాత్రాన ఇది చేతికి రాదు. వానాకాలానికి ముందే, వాగు ఒడ్డునే, పోలీసు, అగ్నిమాపక సిబ్బందితో కలిసి మాక్ డ్రిల్ చేయాలి. దారి తెగితే అంబులెన్సు ఊరిదాకా రాలేదు కనుక, ఆశా కార్యకర్తలకూ ఈ శిక్షణ తప్పక ఇవ్వాలి.